గట్టి ప్యాడ్లు, అరిగిన డిస్కు: పాత బండ్ల బ్రేకులపై తిరుగుతున్న ఆడియోకు నా జవాబు

పరకాలలో ఉండే మా బావమరిది పోయిన నెల నాకొక వాట్సాప్ ఆడియో పంపాడు. నాలుగు నిమిషాలు. పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే నా దాకా రాకముందే చాలా ఊళ్లు తిరిగిందన్నమాట. ఎవరిదో మంచి ధీమాగల గొంతు. వారం తిరగకుండానే అదే ఆడియో మా ఆఫీసు గ్రూపులోకి, కాలనీ గ్రూపులోకి, చివరికి మా చిన్నమ్మ కూతురి పెళ్లి పనుల కోసం పెట్టుకున్న గ్రూపులోకి కూడా వచ్చింది.

అందులో చెప్పినది క్లుప్తంగా ఇది. (డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లెం, ప్యాడ్లు అంటే బ్రేకు లాగితే దాన్ని రెండు పక్కలా నొక్కి పట్టే బిళ్లలు.) పాత బండికి కంపెనీ ప్యాడ్లు దండగ, మెటల్ ప్యాడ్లు వేయించుకోండి, బండి సగం దూరంలోనే ఆగుతుంది. ఒకసారి వేస్తే ఐదేళ్లు మళ్లీ చూడక్కర్లేదు. డిస్కూ ఇనుమే, ప్యాడూ ఇనుమే, దానికేం కాదు. సైజు కుదరకపోతే కొంచెం గ్రైండింగ్ పట్టించుకోండి. చప్పుడు వస్తే ఎమెరీ పేపరుతో రుద్ది, ఇంత గ్రీజు రాయండి. బ్రేక్ ఆయిల్ జోలికి వెళ్లొద్దు, తగ్గితే పోసుకుంటే చాలు. ప్యాడ్లు వేయగానే రోడ్డెక్కి నాలుగు గట్టి బ్రేకులు కొట్టి చూడండి, పట్టుకుంటే మాల్ మంచిదన్నట్టు.

నేను మెకానిక్‌ని కాను. హనుమకొండలో ఉద్యోగం, మా అన్న 2006లో కొని నాకు వదిలేసిన పల్సర్ 150 మీద రోజూ తిరుగుడు. నంబరు ప్లేటు ఇంకా ఏపీ 36. ఈ ఆడియోకు జవాబు రాయడానికి నాకున్న అర్హత ఒకటే: ఇందులో చెప్పిన వాటిలో మూడు నేను ఇదివరకే చేసి, డబ్బులు పోగొట్టుకున్నాను.

ముందు ‘సగం దూరం’ సంగతి, ఎందుకంటే జనం నమ్మేది దాన్నే.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా గేదె వచ్చిందని కన్ను చూసి, చెయ్యి లివర్ మీద పడేలోపు ఒక సెకను పోతుందనుకుంటే, బ్రేకు మొదలు కాకముందే 17 మీటర్లు అయిపోయాయి. ఈ 17 మీటర్లను ఏ ప్యాడూ తగ్గించలేదు. ఆ తర్వాత పొడి తారు రోడ్డు మీద, మంచి టైరుతో, చెయ్యి తిరిగినవాడు రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే ఇంకో 20 మీటర్ల చుట్టుపక్కల ఆగుతుంది. అదే రోడ్డు తడిసి టైరు పట్టు సగానికి పడితే ఆ 20 కాస్తా 40 అవుతుంది. ప్యాడ్లు అవే, డిస్కు అదే, మారింది టైరు కింద నేల.

బండిని చివరికి ఆపేది ప్యాడ్ కాదు, టైరు. ప్యాడ్ పని చక్రాన్ని నెమ్మది చేయడం. చక్రం రోడ్డును పట్టుకుని ఉన్నంతసేపే ఆ పని వల్ల లాభం. నా బండి ముందు బ్రేకు, ప్యాడ్లు బాగున్నప్పుడు, రెండు వేళ్లతో గట్టిగా లాగితే తడి రోడ్డు మీద ముందు చక్రాన్ని బిగించేస్తుంది. అంటే బ్రేకు బలం టైరు పట్టును ఇప్పటికే దాటేసింది. ఇంకా ‘గట్టి’ ప్యాడ్ వేస్తే ఏమవుతుంది? అదే పని తక్కువ లాగుడుతో అవుతుంది. లివర్ తేలికవుతుంది గాని దూరం సగం కాదు.

దీనికి లెక్క కూడా ఉంది. కొన్ని ప్యాడ్ల వెనక రేకు మీద రెండు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో, జీజీ అనో. అవి రాపిడి గుణకం గుర్తులు. మొదటి అక్షరం మామూలు వేడిమిలో ఎంత పట్టు, రెండోది బాగా వేడెక్కాక ఎంత పట్టు. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 మధ్య, జీ అంటే 0.45 నుంచి 0.55 మధ్య, హెచ్ అంటే 0.55 పైన. ఎఫ్ నుంచి జీకి మారితే, రమారమి 0.4 ఉన్నది 0.5 అయిందనుకుందాం, వేళ్ల మీద పడే బరువు ఐదో వంతు తగ్గుతుంది. అంతే. బండి దుకాణంలో ఎవరైనా ‘డబుల్ బ్రేకింగ్’ అంటే ఈ రెండు అక్షరాలు చూపించమనండి. చాలాసార్లు ప్యాకెట్ మీద పులి బొమ్మ ఉంటుంది గాని అక్షరాలు ఉండవు.

ఇంకో మాట. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కొన్న మన పాత బండ్లలో చాలావాటికి అది లేదు. చక్రం బిగుసుకుంటే వదిలి మళ్లీ పట్టే తెలివి బండికి లేదు, ఆ తెలివి మన వేళ్లలోనే ఉండాలి. ఇలాంటి బండికి ముట్టుకోగానే కరిచే ప్యాడ్ వేయడం, ఎండాకాలం మొదటి వాన పడ్డ రోజు ములుగు రోడ్డు మీద ఎట్లా ఉంటుందో ఆలోచించండి. దుమ్ము, ఇంజన్ ఆయిలు, నీళ్లు కలిసి రోడ్డు సబ్బు రాసినట్టుంటుంది. కిందపడే వాళ్లలో ఎక్కువమంది బ్రేకు పట్టక కాదు, పట్టేసి పడతారు.

అయితే ఆడియోలో ఒక నిజం ఉంది, దాన్ని దాచను. నిజమైన సింటర్డ్ ప్యాడ్, అంటే రాగి లాంటి లోహాల పొడిని వేడితో, ఒత్తిడితో గట్టి బిళ్లగా చేసినది, తడిలో బాగా పనిచేస్తుంది. వేడికి కూడా తట్టుకుంటుంది. మామూలు జనం కొనే పెద్ద బండికి ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కు వచ్చింది 1969లో, హోండా సీబీ750తో. తర్వాత 1970లలో తుప్పు పట్టని స్టీలు డిస్కులు వాడినప్పుడు, వానలో లివర్ లాగితే ఒకటి రెండు క్షణాలు ఏమీ జరగకుండా ఆ తర్వాత హఠాత్తుగా పట్టేదని పెద్ద ఫిర్యాదు. లోహపు ప్యాడ్లు ఆ గండాన్ని చాలావరకు తీర్చాయి. పెద్ద సీసీ బండ్లు కొన్ని ఫ్యాక్టరీ నుంచే వాటితో వస్తాయి. మీ బండి అలాంటిదైతే అవే వేయండి, నాకు అభ్యంతరం లేదు.

కానీ ఆడియోలో ఆయన చెబుతున్నది సింటర్డ్ గురించి కాదు. మన దుకాణాల్లో ‘మెటల్ ప్యాడ్’ అని ఇచ్చేది చాలావరకు రెసిన్ జిగురులో ఉక్కు పీచు ఎక్కువ కలిపినది. దాన్ని సెమీ మెటాలిక్ అనాలి. మూడో రకం ఆర్గానిక్. ఈ మాట విని కూరగాయలు గుర్తు తెచ్చుకోకండి. రెసిన్‌తో రకరకాల పీచులు, పొడులు కట్టి చేసినదాన్ని అలా అంటారు. మెత్తగా పడుతుంది, చప్పుడు తక్కువ, డిస్కును ఎక్కువ తినదు. బదులుగా తాను త్వరగా అరుగుతుంది, బాగా కాలితే పట్టు తగ్గుతుంది. 1999లో వచ్చిన సీబీజెడ్, 2001లో వచ్చిన పల్సర్ లాంటి వాటితో మధ్యతరగతి ఇళ్లకు డిస్కు బ్రేకు చేరింది. మన ఊళ్లో 150 సీసీ బండి రోజూ చేసే పని ఏమిటి? హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా, ఆగుతూ పోతూ, నలభై దాటకుండా. ఈ పనికి మెత్తగా, చల్లగా ఉన్నప్పుడే పట్టే ప్యాడ్ కావాలి.

ఇక ‘రెండూ ఇనుమే కదా’ దగ్గరికి వస్తాను. నా డబ్బులు పోయింది ఇక్కడే.

మూడేళ్ల కింద నేను సరిగ్గా ఈ ఆలోచనతోనే ఒక దుకాణంలో మెటల్ ప్యాడ్లు అడిగి తీసుకున్నాను. పెట్టె తళతళలాడుతోంది. మొదటి నెల బాగా నచ్చింది, ముట్టుకుంటే ఆగేది. తర్వాత లివర్ లాగినప్పుడల్లా సన్నగా గీరుతున్న చప్పుడు. లోహం కదా, ఇట్లాగే ఉంటుందిలే అనుకున్నా. తొమ్మిది నెలల తర్వాత టైరు పంక్చరైతే, మండి బజార్‌లో మాకు తెలిసిన మెకానిక్ చాచా దగ్గరికి నెట్టుకెళ్లాను. ఆయన ముందు చక్రం ఊడదీసి, డిస్కు మీద బొటనవేలి గోరు నిలువుగా గీశాడు. గోరు ప్రతి గీత దగ్గరా ఆగింది, గ్రామఫోను రికార్డు మీద ముల్లు నడిచినట్టు.

“బేటా, ప్యాడ్ మంచిగనే ఉన్నది. డిస్కునే తిన్నది అది” అన్నాడు.

కొత్త డిస్కుకు నేను పెట్టిన ఖర్చుతో మామూలు ప్యాడ్లు నాలుగైదు జతలు వచ్చేవి. ‘ఐదేళ్లు చూడక్కర్లేదు’ అన్న మాట అట్లా నిజమవుతుంది. ప్యాడ్ అరగదు, దాని బదులు డిస్కు అరుగుతుంది. రెంటిలో ఏది చవక అన్నది ఎవరూ అడగరు.

ప్రతి డిస్కు మీదా, మధ్య భాగంలో, ఇంతకంటే పలచబడితే వాడొద్దు అన్న కొలత మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. మట్టి తుడిస్తే కనిపిస్తుంది. కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది. ప్యాడ్ తగలని అంచు అరగదు, అది గట్టులా నిలబడి ఉంటుంది. వెర్నియర్ (మందం కొలిచే సాధనం) మామూలుగా పెడితే ఆ గట్టును కొలిచి డిస్కు బాగానే ఉందంటుంది. చాచా చేసే పద్ధతి చెబుతాను: డిస్కుకు రెండు పక్కలా, అరిగిన చోట, ఒకేరకం నాణేలు చెరొకటి ఆనించి మొత్తం కొలవడం, ఆ నాణేల మందం తీసేయడం. మైక్రోమీటర్ లేని చోట ఇంతకంటే తేలిక దారి నాకు కనిపించలేదు.

లోతుగా గీతలు పడ్డ డిస్కు మీద కొత్త ప్యాడ్ పెడితే, మొదట్లో ఆ గట్ల మీదనే ఆనుతుంది. పూర్తిగా ఆనదు కాబట్టి బ్రేకు పట్టదు. పట్టలేదని ఇంకా గట్టి ప్యాడ్ కొంటాం. గ్రూపులో ‘కంపెనీ ప్యాడ్లు పనికిరావు’ అని రాస్తాం. ఇట్లాంటి ఆడియోలు పుట్టేది ఇక్కడినుంచేనని నా అనుమానం.

గ్రైండింగ్ గురించి ఎక్కువ రాయను. వేరే బండి ప్యాడ్‌ను అంచులు గీకి ఇరికించడం అంటే, క్యాలిపర్‌లో (ప్యాడ్లను పట్టి ఉంచి డిస్కుకు నొక్కే భాగం) ఆ రేకు జారాల్సిన చోట జారకుండా, ఆనాల్సిన చోట ఆనకుండా చేయడం. రేకు వేడెక్కితే దానికి అంటించిన మసాలా, అంటే డిస్కును రాసుకునే పొర, ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. రన్నింగ్‌లో ప్యాడ్ మసాలా ఊడటం అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకుంటే చాలు. మీ బండి మోడలు, సంవత్సరం చెప్పి అడగండి, లేదా పాత ప్యాడ్ చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఒకే పేరున్న బండికి కూడా సంవత్సరాన్ని బట్టి క్యాలిపర్ మారిపోతుంటుంది. పాత ప్యాడ్‌ను చెత్తబుట్టలో వేసి ఉత్త చేతులతో దుకాణానికి వెళ్లిన ఘనత నాకూ ఉంది.

ప్యాకెట్ చూసేటప్పుడు హోలోగ్రాం నమ్మకండి, అతికించడం ఎవరికైనా వచ్చు. తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి నంబరు, ఇవన్నీ ప్యాకెట్ మీద ఉండాలని చట్టం. ఇవి లేని డబ్బాను, దుకాణం వాడు ఎంత ప్రేమగా అన్నా అని పిలిచినా, అక్కడే వదిలేయండి. తర్వాత ప్యాడ్‌నే చూడండి. మసాలా బిళ్ల రేకు మీద సమానంగా కూర్చుందా, అంచుల్లో పగుళ్లున్నాయా, రెండు ప్యాడ్ల మీదా అదే బ్యాచ్ గుర్తులున్నాయా.

‘చప్పుడు వస్తే ఎమెరీ పేపరు, గ్రీజు.’ ఈ ముక్కలో సగం మంచి సలహా, సగం ప్రాణాంతకం.

ప్యాడ్ పైపొర కాలి అద్దంలా మెరుస్తుంటే, నున్నటి నేల మీద ఎమెరీ పేపరు పరిచి, దాని మీద ప్యాడ్‌ను తేలిగ్గా రుద్దితే కొన్నాళ్లు పనిచేస్తుంది. మేమందరం చేస్తాం. కానీ చప్పుడుకు ఇతర కారణాలు చాలా ఉన్నాయి. ప్యాడ్ వెనక పలచటి రేకు, చప్పుడు ఆపే స్ప్రింగు ఉండాలి. పోయినసారి వేసినవాడు అవి మిగిలిపోయాయని జేబులో వేసుకుని ఉంటాడు. స్ప్రింగు లేక ప్యాడ్ కదులుతుంటే మీరు ఎంత రుద్దినా ఏం లాభం?

ఇంకొకటి మన దగ్గర మరీ ఎక్కువ. వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే కడిగిన తర్వాత బండి మెరవాలని డీజిల్ కొట్టి ఇచ్చేవాళ్లున్నారు. ఆ తుంపరలు డిస్కు మీద పడితే ప్యాడ్ జిడ్డు పీల్చుకుంటుంది. ఒకసారి మసాలాలోకి ఆయిల్ ఇంకిన ప్యాడ్‌ను ఎమెరీ పేపరుతో పైపొర తీసినా, వేడెక్కగానే లోపలి జిడ్డు మళ్లీ పైకి వస్తుంది. స్టవ్ మీద కాల్చి ఆరబెట్టే మహానుభావులనూ చూశాను. అలాంటి ప్యాడ్లను పారేయడమే. బండి సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు, ‘భయ్యా, డీజిల్ కొట్టకు’ అని ముందే చెప్పడం వాటన్నిటికంటే చవక.

గ్రీజు విషయంలో ఆడియో ‘ఎక్కడ రాయాలి’ అని చెప్పలేదు. ప్యాడ్ మసాలా మీద, డిస్కు మీద చుక్క కూడా పడకూడదు. గ్రీజు పని ఉన్నది క్యాలిపర్ జారే పిన్నుల దగ్గర. అదీ బేరింగులకు వాడే మామూలు గ్రీజు కాదు. పెట్రోలియం గ్రీజు తగిలితే అక్కడి రబ్బరు తొడుగులు ఉబ్బి, పిన్ను ఇరుక్కుపోతుంది. వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు అడగండి, చిన్న ట్యూబు చాలాకాలం వస్తుంది.

అసలు ఈ పిన్నుల గురించి ఆడియోలో ఒక్క మాటా లేకపోవడం నాకు అన్నిటికంటే వింత. మన బండ్లలో చాలావాటి క్యాలిపర్‌లో పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. అది ఒక ప్యాడ్‌ను నేరుగా తోస్తుంది. క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి, రెండో ప్యాడ్‌ను లాగుతుంది. భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ దగ్గర గ్రానైటు లారీల దుమ్ము, వానాకాలం పొలాల ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురద, ఇదంతా ఆ పిన్నుల మీదికి చేరుతుంది. పిన్ను జారకపోతే ఒక ప్యాడ్ పూర్తిగా అరిగి, రెండోది కొత్తదానిలా మిగులుతుంది. లేదంటే ఒకే ప్యాడ్ ఒక కొస మందంగా, ఇంకో కొస పలచగా ఏటవాలుగా అరుగుతుంది. బ్రేకు వదిలాక కూడా డిస్కును రాసుకుంటూ ఉంటుంది, పెట్రోలు తాగుతుంది, చక్రం దగ్గర చెయ్యి పెడితే కాలుతుంది.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు నేనూ మా బావమరిదీ చెరో బండి మీద వెళ్లొచ్చాం. జనం, దుమ్ము, జంపన్నవాగు దగ్గర బురద. వచ్చిన రెండు వారాలకు వాడి బండి ముందు బ్రేకు పట్టడం తగ్గింది. వాడు చేసింది ప్యాడ్లు మార్చడం. ఆ ప్యాడ్లు నాలుగు నెలల్లో పోయాయి. మళ్లీ మార్చాడు. మాల్ మంచిది కాదని నిర్ణయించుకుని మెటల్‌కు మారాడు. ఈ ఆడియో వాడికి అంత నచ్చడానికి వెనక ఇంత కథ ఉంది. అరిగిన పాత జత పారేయకముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే మొదటిసారే తెలిసేది.

బ్రేక్ ఆయిల్ దగ్గరికి వద్దాం. ‘జోలికి వెళ్లొద్దు’ అన్నది ఆడియోలో అన్నిటికంటే పెద్ద తప్పు అని నా లెక్క, మెటల్ ప్యాడ్ వేసినవాడికి మరీను.

పేరుకే ఆయిలు గాని అది ఆయిలు కాదు. పాత బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ జాతి ద్రవాలు. గాలిలోంచి, రబ్బరు పైపుల గుండా తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. నాలుగు శాతానికి కాస్త తక్కువ నీరు చేరేసరికి ప్రమాణం ప్రకారం అవి 140కి, 155కి దిగిపోతాయి. మరిగితే ఆవిరి బుడగలు. ద్రవం నొక్కితే ఒదగదు, ఆవిరి ఒదుగుతుంది. లివర్ హ్యాండిల్ దాకా వస్తుంది, బండి మాత్రం ఆగదు.

లోహం ఎక్కువున్న ప్యాడ్ వేడిని త్వరగా పిస్టన్‌కు, పిస్టన్ ద్రవానికి చేరవేస్తుంది. ఎప్పుడో పోసిన ఆయిలు, దాని పక్కన మెటల్ ప్యాడ్, వెనక సీట్లో మనిషి, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుడు. ఇద్దరితో కలిపి 280 కిలోల బరువును 60 నుంచి సున్నాకు తెచ్చిన ప్రతిసారీ దాదాపు 39 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది, అందులో పెద్ద వాటా ముందు డిస్కుదే. దిగుడులో గేరు తగ్గించి ఇంజన్‌తో బండిని పట్టి ఉంచాలని మా నాన్న స్కూటరు కాలంలోనే చెప్పేవాడు. ఆ మాట ఇప్పటికీ ఏ ప్యాడ్ కంటే బాగా పనిచేస్తుంది.

రెండేళ్లకోసారి ఆయిలు పూర్తిగా మార్పించి, బ్రేకు పైపులో చిక్కిన గాలి తీయించుకోండి. ఏది పోయాలో హ్యాండిల్ మీద ఆయిలు డబ్బా ఉండే మాస్టర్ సిలిండర్ మూత మీదే ఉంటుంది. డాట్ 5 అని కనిపిస్తే పెద్ద నంబరు కదా అని తీసుకోవద్దు. అది సిలికాన్ ద్రవం, మన వాటితో కలవదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ జాతే. పేర్లు పెట్టినవాడికి మన మీద ఏం కోపమో తెలియదు. ఇంజన్ ఆయిలు పోసినవాళ్లనూ చూశాను. రబ్బరు సీళ్లు ఉబ్బి మాస్టర్ సిలిండర్ నుంచి క్యాలిపర్ దాకా అన్నీ మార్చుకున్నారు.

‘తగ్గితే పోసుకోవడమే’ అన్నదానిలో ఇంకో చిక్కు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వస్తుంది, ఆ ఖాళీలోకి ద్రవం దిగుతుంది, పైన డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఆ మట్టం తగ్గడమే ప్యాడ్లు చూసుకో అని బండి చెప్పే మాట. చూడకుండా పోసి నింపేస్తే ఆ మాట నొక్కేసినట్టే. పైగా కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు ఎక్కువైన ద్రవం పైనుంచి పొంగి ట్యాంకు మీద పడుతుంది, అది పెయింటును లేపేస్తుంది. నా పల్సర్ ట్యాంకు మీద అరచేతి సైజు మచ్చ ఆ సంగతికి సాక్ష్యం. ప్యాడ్లు బాగానే ఉండి కూడా మట్టం తగ్గుతుంటే అది లీకు, పోసుకుంటూ తిరిగే విషయం కానే కాదు.

చివరిది, ‘వేయగానే గట్టిగా నాలుగు బ్రేకులు.’ కొత్త ప్యాడ్లు వేసి బండి కదిలించకముందు లివర్ గట్టిపడేదాకా పదిసార్లు లాగాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు లాగుళ్లకు ఏమీ పట్టదు. మెకానిక్ షెడ్డు ముందే గోడకు గుద్దినవాళ్లున్నారు. ఆ తర్వాత ప్యాడ్ డిస్కుకు అలవాటు పడాలి. నేను పొద్దున్నే ఐదున్నరకు హసన్‌పర్తి వైపు పోతాను. 40లో వెళ్తూ, వెనక ఎవరూ లేనప్పుడు మెత్తగా 15 దాకా తగ్గించి, వదిలి, చల్లారేంత దూరం నడిపి, మళ్లీ. ఇరవై ముప్పై సార్లు. వేడిగా ఉన్నప్పుడు పూర్తిగా ఆపి లివర్ బిగించి పట్టుకోను, ఆ చోట డిస్కు మీద ప్యాడ్ ముద్ర పడి తర్వాత అదురుతుంది. కొట్టిచూడాలన్న తొందరలో కొత్త ప్యాడ్ పైపొర కాల్చేసుకుంటే, మళ్లీ ఎమెరీ పేపరు దగ్గరికే.

ప్యాడ్లు మార్చేటప్పుడు గాలి పైపు పెట్టి దుమ్ము ఊదొద్దు. పాత స్టాకు ప్యాడ్లలో, బ్రేక్ షూలలో (డ్రమ్ము బ్రేకులో ప్యాడ్ల పని చేసేవి) ఆస్బెస్టాస్ ఉన్నదీ లేనిదీ కంటితో తెలియదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పక్కన పిల్లలు నిలబడి చూస్తుంటే దూరం పంపండి.

వెనక డ్రమ్ము బ్రేకు గురించి ఆడియోలో ఏమీ లేదు కాబట్టి నేనూ ఎక్కువ చెప్పను. ముందు కొత్త ప్యాడ్లు, వెనక అరిగిపోయిన షూలు పెట్టుకుని బండి సరిగ్గా ఆగడం లేదనేవాళ్లు మాత్రం వెనక చక్రం దగ్గర షూల అరుగుదల చూపే సూచిక ముల్లు ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూడండి.

నేను ఇప్పుడు వాడుతున్నది నా మోడలుకు చెప్పిన మామూలు ఆర్గానిక్ ప్యాడ్, కొత్త డిస్కు మీద. మసాలాలో మధ్య గీత ఉంటుంది, అది కనిపించకుండా పోయేలోపు మారుస్తాను. మిల్లీమీటరు మిగిలేదాకా లాగను. వానాకాలం ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి పిన్నులు తీసి తుడుస్తాను.

ఇదంతా మా బావమరిదికి ఫోనులో చెప్పాను. “అంత సీనేం లేదు బావా” అన్నాడు ముందు. నిన్న సాయంత్రం మళ్లీ ఫోను, వెనక సుత్తి చప్పుడు.

“బావా, ప్యాడ్లు తర్వాత గని, ఈ కింది పిన్ను ఊడుతనే లేదు. ఏం జేయాలె?”

సుత్తి పక్కన పెట్టి, బండి చాచా దగ్గరికి తెమ్మన్నాను.